మూడు లాంతర్ల కాడ తవిటమ్మ

“నీ పేరేమిటి?” అని అడిగింది కంచెకి అవతల నిలబడ్డ అమ్మాయి.

అడిగింది మామూలు ప్రశ్నే. చంటిపిల్లలు కూడా ముద్దుముద్దుగా జవాబు చెప్పేస్తారు. కాని పదకొండేళ్ల తవిటమ్మకి మాత్రం గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది.

కారణం లేకపోలేదు. అంతకు కాస్త ముందే తవిటమ్మ నేస్తం దేముడమ్మ ఆ అమ్మాయిని చూసి, “ఏటి సూస్తన్నావు?” అని పలకరించింది. ఆ అమ్మాయి కిసుక్కున నవ్వి, “ఏటి అంటే ఏరు కదా? ఇక్కడ ఏరెక్కడుంది?” అంది. దేముడమ్మకి అలాంటివి పట్టవు. చెంబు తీసుకుని నీళ్లకి వెళ్లిపోయింది. తవిటమ్మ చెవిలో మాత్రం ఆ నవ్వు ఉండిపోయింది.

ఆ అమ్మాయి పేరు సుధ. రెండు జడలు, రెండు ఎర్ర రిబ్బన్లు, కాళ్లకి తెల్ల మేజోళ్లు. వాళ్ల నాన్న రైల్వేలో ఆఫీసరు. బెజవాడ నుంచి బదిలీ మీద విజయనగరం వచ్చి నెల కూడా కాలేదు. ‘ఏటి’ అన్నందుకే అంత నవ్విన పిల్ల, ‘తవిటమ్మ’ అంటే ఇంకెంత నవ్వుతుందో.

“లలిత,” అనేసింది తవిటమ్మ.

ఎక్కడి నుంచి ఊడిపడిందో ఆ పేరు. పంచాయితీ రేడియోలో పిల్లల కార్యక్రమంలో లలిత అనే అమ్మాయి ఒకసారి పద్యం చదివింది. అదే గుర్తొచ్చి ఉంటుంది. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేం అని పెద్దలంటారు. పైగా సుధ, “లలితా? ఎంత బావుందో,” అంది. ఆ మాట విన్నాక తీసుకోవాలని తవిటమ్మకి అనిపించనూ లేదు.

తవిటమ్మా వాళ్లది ఆమదాలవలస దగ్గర పల్లె. మిషను బడిలో చరిత్ర చెప్పే సత్యానందం మాస్టారు విజయనగరం గురించి చెప్పి చెప్పి, ఒకరోజు ఉండబట్టలేక, “తీసుకెళ్లి చూపిస్తాను,” అని పిల్లలకి మాటిచ్చేశారు. మాటివ్వడానికి డబ్బులక్కర్లేదు. వెళ్లడానికి కావాలి. బడివాళ్లు ఇచ్చింది రైలు టిక్కెట్లకే సరిపోయింది.

అందుకని తిండి మోసుకెళ్లడానికి తీర్మానం జరిగింది. ఒకరింటి నుంచి బియ్యం, ఒకరింటి నుంచి కందిపప్పు, ఒకరి దొడ్లో వంకాయలు. దేముడమ్మ ఇంటి నుంచి ఏకంగా కట్టెల మోపే వచ్చింది. ఆ మోపుని రైలెక్కిస్తుంటే, “విజయనగరంలో కట్టెలు దొరకవేటి మాస్టారూ?” అని టిక్కెట్ల బాబు నవ్వాడు. “దొరుకుతాయి బాబూ, ఊరికే దొరకవు,” అన్నారు మాస్టారు.

వంట మాస్టారి చెల్లెలు ఎలీసమ్మగారి పెరట్లో. ఆవిడ రైల్వే ఆసుపత్రిలో నర్సు. ఆవిడ ఉండేది స్టేషను పక్కనే ఉన్న క్వార్టర్లలో. కంచెకి అవతలి ఇల్లే సుధది. అదీ సంగతి.

అసలు తవిటమ్మని ఈ ప్రయాణానికి పంపడానికి వాళ్లమ్మ చిన్నతల్లి ఒప్పుకోలేదు.

“నాకున్నది అదొక్కర్తే మాస్టారూ. మీరు రైలంటన్నారు, కోటంటన్నారు, కందకమంటన్నారు. నాకు బయ్యంగా ఉన్నాది,” అంది.

“నా చేత్తో తీసుకెళ్తాను చిన్నతల్లీ. సాయంత్రం పాసింజరుకి తీసుకొచ్చి, నా చేత్తోనే నీకు అప్పజెప్తాను. నువ్వు స్టేషనుకి వచ్చి నిలబడు,” అన్నారు మాస్టారు. ఆయన మాట మీద పంపింది. తవిటమ్మ చేత నాలుగు రోజులు ఇంటి చాకిరీ చేయించుకుని మరీ పంపింది, అది వేరే సంగతి.

భోజనాలయ్యాక గిన్నెలూ మూటలూ ఎలీసమ్మగారి అరుగు మీద పెట్టి, అందరూ కోటకి నడిచారు. జట్కా ఎక్కుదామని గణపతిరావు గొణిగాడు. వాడు క్లాసు లీడరు. గొణిగే హక్కు తనకే ఉందనుకుంటాడు.

“రాజులు డబ్బు పెట్టి కట్టేరు. మనం కళ్లు పెట్టి సూద్దాం. కాళ్లు పెట్టి నడుద్దాం. దేనికీ టిక్కెట్టు లేదు,” అన్నారు మాస్టారు.

పెద్ద రాతి గోడలు. ఏనుగు అంబారీతో సహా దూరిపోయేంత సింహద్వారం. గోడ చుట్టూ కందకం, అందులో పచ్చటి నీళ్లు. మాస్టారు ఒక్కో రాయినీ చూపించి చెబుతూనే ఉన్నారు. మిగతా పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. తవిటమ్మకి మాత్రం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఆమె బుర్ర నిండా లలితే ఉంది. లలిత ఎలా నడుస్తుంది? లలిత ‘ఏమిటి’ అంటుంది. ‘చూడు’ అంటుంది. ‘ఉంది’ అంటుంది. తవిటమ్మ లోలోపల అవే వల్లిస్తూ నడిచింది.

కోట దగ్గర నుంచి బజారులోకి వచ్చే ముందు మాస్టారు అందరినీ ఆపారు.

“బజారు రద్దీగా ఉన్నాది. జతజతగా నడవండి. ఎవరైనా తప్పిపోతే కంగారు పడొద్దు. మూడు లాంతర్ల కాడికి వచ్చీసి, కదలకుండా నిలబడండి. ఎవర్నడిగినా దారి సెప్తారు. మూడు లాంతర్లు, గుర్తుంటాది కదా?”

“ఉంటాది మాస్టారూ,” అన్నారంతా. తవిటమ్మ, “ఉంటుంది మాస్టారూ,” అంది. దేముడమ్మ వింతగా చూసింది.

బజారులో ఒక పటాల కొట్టు ఉంది. దేవుళ్ల పటాలకి చట్రాలు బిగిస్తారక్కడ. కొట్టు బయట నిలువెత్తు అద్దం ఒకటి గోడకి చేరవేసి ఉంది. తవిటమ్మ తనని తాను అంత మొత్తంగా ఎప్పుడూ చూసుకోలేదు. వాళ్లింట్లో అద్దం అరచేయంత. అందులో బొట్టు చూసుకుంటే ముక్కు కనపడదు.

తవిటమ్మ, దేముడమ్మ చెయ్యి వదిలేసి, ఒక్క క్షణం ఆగింది. తల కాస్త పక్కకి వంచి, సుధలాగా నవ్వి, “నా పేరు లలిత,” అంది మెల్లిగా. బాగానే ఉందనిపించింది. ఇంకోసారి అంది. జడ ముందుకేసుకుని అంది. జడ వెనక్కేసుకుని అంది.

తిరిగి చూస్తే దేముడమ్మ లేదు.

మాస్టారి తెల్ల చొక్కా లేదు. గణపతిరావు లేడు. ఎవరూ లేరు. ఉన్నవాళ్లంతా తనకి తెలియని మనుషులే. బళ్లు, సైకిళ్లు, బుట్టలు, అరుపులు. గబగబా నాలుగడుగులు ముందుకి పరిగెత్తింది. సందు రెండుగా చీలింది. ఎటు వెళ్లారో తెలియదు. వెనక్కి వచ్చింది. పటాల కొట్టు ఎటుందో అదీ తెలియలేదు.

‘మూడు లాంతర్ల కాడికి వచ్చీసి కదలకుండా నిలబడండి.’ మాస్టారి మాట గుర్తొచ్చింది. ఎవర్నడిగినా చెప్తారన్నారు. తవిటమ్మ ఒక పూల కొట్టావిడ దగ్గరికి వెళ్లి నోరు తెరిచింది. ‘మూడు లాంతర్ల కాడికి ఎలగెల్లాల...’ అని మనసులోనే మొదలుపెట్టి ఆగిపోయింది. కంగారులో లలిత మాటలు రావడం లేదు. వచ్చేవన్నీ తవిటమ్మ మాటలే. ఆ పక్కనే ఇద్దరు ఇస్త్రీ గౌన్ల పిల్లలు నిలబడి ఉన్నారు. వాళ్లూ నవ్వితే?

“ఏటి గావాల?” అంది పూల కొట్టావిడ.

తవిటమ్మకి ఆ మాట వినపడింది గాని, తలకెక్కలేదు. తల అడ్డంగా ఊపి వచ్చేసింది. భయం మనిషి చెవులు కూడా మూసేస్తుంది.

అడగకపోతేనేం, వెతుక్కుంటాననుకుంది. లాంతర్లంటే ఎన్ని చూడలేదు గనక. పైకి చూస్తూ నడిచింది. ఒక సందు తిరిగింది. ఇంకోటి తిరిగింది. ఏడుపు గొంతు దాకా వచ్చిన వేళకి కనపడ్డాయి. ఒక కొట్టు ముందు దూలానికి వరసగా వేలాడుతున్నాయి. ఒకటి, రెండు, మూడు. గాజు చిమ్నీలతో పెద్ద పెద్ద పెట్రోమాక్స్ లాంతర్లు.

తవిటమ్మ వాటికింద నిలబడి గట్టిగా ఊపిరి వదిలింది. ఇంక కదలక్కర్లేదు. మాస్టారే వస్తారు.

నిలబడింది. ఎండ పక్కకి వాలింది. నీడ పొడుగైంది. మాస్టారు రాలేదు. దేముడమ్మా రాలేదు. రాని వాళ్ల కోసం ఎదురుచూస్తుంటే ప్రతి తెల్ల చొక్కా మాస్టారి చొక్కాలాగే ఉంటుంది. తవిటమ్మ ఎన్నిసార్లు ముందుకి ఉరికిందో, ఎన్నిసార్లు వెనక్కి వచ్చిందో.

కొట్లో ముసలాయన పాడైన లాంతరు ఒకదాన్ని విప్పి, గుడ్డతో తుడుస్తున్నాడు. పేరు జగన్నాధం. చాలాసేపటి నుంచి చూస్తున్నాడు.

“ఎవులమ్మా నువ్వు? ఎండలో నిలబడిపోనావు. పేరేటి?” అన్నాడు.

అప్పుడైనా చెప్పవచ్చు. కాని అబద్ధానికి అలవాటు తొందరగా పడుతుంది.

“లలిత.”

“మీ ఇల్లెక్కడ?”

“ఇక్కడే. రైల్వే క్వార్టర్లు. మా నాన్నగారు ఆఫీసరు. వస్తారు.”

“అలగా. ఆఫీసరుగారి పాపవా? మరి ఇలా వచ్చి నీడని కూకో తల్లీ. దాహమేస్తే ఎనకాతల కుండ ఉన్నాది.”

దాహం వేస్తూనే ఉంది. తవిటమ్మ కొట్టు వెనక ఉన్న చిన్న పెరట్లోకి వెళ్లి, కుండలో నీళ్లు ముంచుకుంది. సగం నీళ్లు పరికిణీ మీద ఒలకబోసుకుంది. పాసింజరు వేళ అవుతోందేమో. అది వెళ్లిపోతే మళ్లీ రేపే. ఆమదాలవలస స్టేషనులో అమ్మ నిలబడి ఉంటుంది. అందరూ దిగుతారు, తను దిగదు. ఆ తరవాత అమ్మ ముఖం ఎలా ఉంటుందో తవిటమ్మ ఊహించుకోలేకపోయింది. చెంబు బోర్లించి ముందుకొచ్చేసింది.

జగన్నాధం వీధి వైపు చూస్తూ నాలుక చప్పరిస్తున్నాడు.

“పాపం. ఎవులో పల్లెటూరి గుంట తప్పిపోనాదంట. ఇప్పుడే ఒక కుర్రోడు, క్లాసు లీడరంట, పరిగెత్తుకుంటూ వచ్చి అడిగేడు. తవిటమ్మంట పేరు. ఇక్కడ తవిటమ్మ లేదురా, ఆఫీసరుగారి పాప ఉన్నాదని సెప్పేను. ఎల్లిపోనాడు.”

తవిటమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఆళ్ల మాస్టరు కోటేపు పరిగెత్తేడంట. కందకంలో గాని పడిపోనాదేమోనని. ఆ కుర్రోడు సెప్తా సెప్తా ఏడ్సీసేడు. నీ ఈడు పిల్లే అయ్యుంటాది. తల్లికి ఏటి సెప్తారో మరి,” అన్నాడు జగన్నాధం, గుడ్డ దులుపుతూ.

గణపతిరావు ఏడ్చాడు. లీడరునని మీసం లేకుండానే మీసం తిప్పే గణపతిరావు ఏడ్చాడు. మాస్టారు కందకం దగ్గర ఉన్నారు. ఆ పచ్చటి నీళ్లలోకి తొంగి చూస్తూ ఉంటారు. తవిటమ్మ కందకంలో పడిపోయింది. లలిత మాత్రం కొట్లో నీడని కూర్చుని నీళ్లు తాగుతోంది.



తవిటమ్మ అన్న పేరు ఆమెకి ఊరికే రాలేదు. ఆమెకి ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. మూడోసారి తను పుట్టగానే అమ్మ పిల్లని చేటలో పడుకోబెట్టి గుమ్మం బయట పెట్టింది. పక్కింటి తాతమ్మ గుప్పెడు తవుడు పోసి కొనుక్కుంది. కొనుక్కుని, పెంచమని మళ్లీ అమ్మ చేతికే ఇచ్చింది. తవుడికి అమ్మేసిన పిల్ల, ఇంత చవకబారు పిల్ల మనకెందుకని చావు కూడా వదిలేసి పోతుందని వాళ్ల నమ్మకం. అలా మిగిలింది తవిటమ్మ. వాళ్ల వైపు వీధికొక తవిటమ్మ, వీధికొక తవిటయ్య ఉంటారు. అందుకే ఊళ్లో ఎవరూ నవ్వరు.

‘ఆ పేరు వదిలేశాను. అందుకే తప్పిపోయాను కాబోలు,’ అనుకుంది. అది నిజమో కాదో ఆలోచించే వ్యవధి లేదు. మాస్టారు కందకం దగ్గర ఉన్నారు, అది మాత్రం నిజం.

“తాతా,” అంది. ఆయనకి వినపడలేదు. మళ్లీ అంది. “తాతా, నానే తవిటమ్మని.”

జగన్నాధం చేతిలో గుడ్డ ఆగింది. “మరి లలితెవులు?”

“రేడియోలో పిల్ల. నాకు తెలీదు. మాది ఆమదాలవలస కాడ. మా నాన్న ఆఫీసరు కాదు, ఎవసాయం. అబద్ధం సెప్పేను తాతా. మాస్టారు మూడు లాంతర్ల కాడ ఉండమన్నారు, అందుకని ఇక్కడున్నాను.” ఒక్క ఊపిరిలో చెప్పేసి, చేత్తో పైకి చూపించింది.

ముసలాయన పైకి చూశాడు. వేలాడుతున్న తన లాంతర్లని చూశాడు. తవిటమ్మని చూశాడు.

“ఓలమ్మా. ఇయ్యి పెళ్లిళ్లకి అద్దెకిచ్చీ లాంతర్లే. పొద్దున్న అయిదుండీవి. రెండు పెళ్లోరు పట్టుకుపోనారు. ఇంకాసేపుంటే ఇంకోటి పోయీది, రెండు లాంతర్లయ్యీవి. మూడు లాంతర్లంటే నాలుగు రోడ్ల కూడలమ్మా, పేరు అది. ఎప్పుడో ఆ సోట మూడు దీపాలు ఏలాడదీసీవోరంట. ఎవుల్నడిగినా సెప్పీవోరు కదా.”

“నానడగలేదు,” అంది తవిటమ్మ.

ఎందుకడగలేదని ఆయన అడగలేదు. కొట్టుకి రెండు పలకలు అడ్డం పెట్టి, పైగుడ్డ భుజాన వేసుకున్నాడు. “నడు, బేగి నడు,” అన్నాడు.

నిజంగానే రెండు సందుల అవతలే ఉంది ఆ కూడలి. పిల్లలంతా ఒక మూలకి ఒదిగి నిలబడి ఉన్నారు. దేముడమ్మ తవిటమ్మని చూసింది. పరిగెత్తుకొచ్చి ముందు వీపు మీద ఒక్కటిచ్చింది. తరవాత కౌగిలించుకుని ఏడ్చింది.

“ఎక్కడికెల్లిపోనావే? నా సెయ్యి ఎందుకొదిలీసినావే?”

అప్పటికే గణపతిరావు తిరిగొచ్చాడు. ముఖం తుడుచుకుని మళ్లీ లీడరయ్యాడు గాని, కళ్లు ఎర్రగానే ఉన్నాయి. “మాస్టారు ఇంకా రానేదు. కోటకాడే ఉన్నారు. నాను పిలుచుకొస్తాను,” అన్నాడు.

“నువ్వూ తప్పిపోతే?” అంది దేముడమ్మ. కోట చుట్టూ కందకం పొడుగునా మాస్టారు ఎక్కడున్నారో ఎవరికి తెలుసు? దూరంగా స్టేషను వైపు నుంచి ఒక ఇంజను కూత వినపడింది. అది గూడ్సు కూతో, పాసింజరు కూతో తెలియక పిల్లలంతా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

ఆ కూడలిలోనే సినిమా జట్కా ఒకటి ఆగి ఉంది. రెండు పక్కలా రంగుల అట్టలు, పైన మైకు బూర. ఏ సినిమా ఆడుతోందో మైకులో చెప్పే నరసింగరావు టీ తాగుతున్నాడు. జగన్నాధం అతని దగ్గరికి వెళ్లి సంగతి చెప్పాడు.

“దానికేటి, సెప్పీస్తాను,” అని నరసింగరావు మైకు అందుకున్నాడు. అతని గొంతుకి సాగదీయడం అలవాటు. “తప్పిపోయిన... చిన్నారి... తవిటమ్మ... దొరికినది...” అన్నాడు.

టీ కొట్టు దగ్గర ఒకాయన, “ఇదేదో కొత్త సినిమాలాగుందే. ఏ హాల్లో?” అని అడిగాడు. ఒకరిద్దరు సినిమా కాగితాల కోసం చెయ్యి చాచారు.

నరసింగరావు తల గోక్కున్నాడు. “నా గొంతు ఇని సినిమా అనీసుకుంటన్నారు. ఆ మాస్టరూ అలాగే అనుకుంటాడు. ఆయనకి తెలిసిన గొంతు కావాల. ఓలమ్మీ, నువ్వే సెప్పు. ఎక్కు. కోట రోడ్డంట పోదాం.”

తవిటమ్మ మైకు వైపు చూసింది. కూడలి నిండా మనుషులు. ఇస్త్రీ గౌన్లు, కళ్లజోళ్లు, సైకిళ్లు. అందరూ ఇటే చూస్తున్నారు. రెండు మాటలు అద్దం ముందు అన్నంత తేలిక కాదిది.

జట్కా ఎక్కింది. మైకు చల్లగా, బరువుగా ఉంది.

“నాను,” అంది. తన గొంతు బజారంతా మోగేసరికి ఉలిక్కిపడింది. మైకు పడేయబోయింది. నరసింగరావు పట్టుకున్నాడు. “ఊఁ, సెప్పు,” అన్నాడు.

“మాస్టారూ, నాను తవిటమ్మని. నాను కందకంలో పడిపోనేదు. మూడు లాంతర్ల కాడ ఉన్నాను. బేగి రండి మాస్టారూ, రైలెల్లిపోతాది. నాను తవిటమ్మని. మా అమ్మ సిన్నతల్లి. మాస్టారూ...”

గుర్రం కదిలింది. తవిటమ్మ మళ్లీ మొదలుపెట్టింది. రోడ్డు పక్కన జనం ఆగి చూశారు. ఎవరో నవ్వారు కూడా. ఆమెకి ఆ నవ్వు వినపడింది. వినపడినా ఆపలేదు. కూరల బుట్ట దగ్గర ఒక ముసలమ్మ లేచి నిలబడి, “నానూ తవిటమ్మనే. ఎవులే నన్ను పిలుస్తన్నారు?” అని కేకేసింది. ఆ పక్కనే చేపలమ్మే ఆవిడ, “నిన్ను కాదే, నానూ తవిటమ్మనే, నన్నూ కాదు. ఎవులో గుంట,” అంది. తవిటమ్మ వాళ్లని చూస్తూనే చెప్పుకుపోయింది. గొంతు బొంగురుపోయింది. కోట గోడలు దగ్గరయ్యాయి. మాస్టారు ఎక్కడా లేరు. పచ్చటి నీళ్లు మాత్రం కనపడ్డాయి. ఆ నీళ్లని చూసి గొంతు ఆగిపోబోయింది.

“ఆగకు,” అన్నాడు నరసింగరావు.

“మాస్టారూ, నాను తవిటమ్మని...”

కందకం మలుపు దగ్గర ఒక తెల్ల చొక్కా కనపడింది. ఈసారి అది నిజంగానే మాస్టారి చొక్కా. మోకాళ్ల దాకా బురద. ఒక కాలికి చెప్పు లేదు. జట్కా దాకా పరిగెత్తుకొచ్చి, చక్రం పట్టుకుని నిలబడిపోయారు. తవిటమ్మ తల మీద చెయ్యి వేశారు. తవిటమ్మకి అంతవరకు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

“రైలు,” అన్నారు మాస్టారు. అంతే అన్నారు.

కూడలిలో ఉన్న పిల్లల్ని కలుపుకుని, అందరూ స్టేషను వైపు పరుగులాంటి నడక నడిచారు. దేముడమ్మ తవిటమ్మ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్లు తిమ్మిరెక్కాయి. ఎలీసమ్మగారు మూటలన్నీ గేటు దగ్గర సిద్ధంగా పెట్టి, వీధి వైపు చూస్తున్నారు. ఆవిడ పక్కనే సుధ నిలబడి ఉంది.

“లలితా, ఇంత ఆలస్యమైందేం? ఎలీసమ్మగారు ఎంత కంగారు పడ్డారో,” అంది సుధ.

“లలితెవులు?” అన్నాడు గణపతిరావు. పిల్లలంతా చుట్టూ చూశారు.

తవిటమ్మ చెవులు వేడెక్కాయి. బజారంతటికీ చెప్పడం ఒక ఎత్తు, ఈ ఒక్క పిల్లకి చెప్పడం ఒక ఎత్తు.

“నానే. కాని నాను లలితని కాను. తవిటమ్మని. నీకు అబద్ధం సెప్పేను.”

“ఎందుకు?”

“నువ్వు నవ్వుతావని.”

దేముడమ్మ వైపు చూసేసరికి సుధ ముఖం చిన్నబోయింది. కాసేపు మేజోడు సర్దుకుంది.

“తవిటమ్మ అంటే ఏమిటి?” అంది మెల్లిగా.

“నన్ను తవుడికి కొన్నారు. గుప్పెడు తవుడు పోసి. నాకు ముందోలు ఇద్దరు బతకనేదు. నానైనా బతకాలని.”

సుధ కళ్లు పెద్దవయ్యాయి. నవ్వలేదు. “నిజంగానా? నన్నెంతకి కొన్నారో మా అమ్మని అడుగుతాను,” అంది. అని, పప్పుగిన్నె తనే ఎత్తుకుని ప్లాట్‌ఫారం దాకా వచ్చింది.

పాసింజరు అప్పుడే ఆగుతోంది. ఒకర్నొకరు తోసుకుంటూ ఎక్కారు. మాస్టారు అందరినీ రెండుసార్లు లెక్కపెట్టి, అప్పుడు కూర్చున్నారు. రైలు కదిలిన చాలాసేపటికి గాని ఆయన ముఖంలోకి రంగు రాలేదు. తవిటమ్మ ఆయన ఎదురుగా కూర్చుంది. కిటికీలోంచి వరిమళ్లు వెనక్కి పోతున్నాయి. ఆమెకి అవేవీ కనపడలేదు.

“మాస్టారూ, మా అమ్మకి ఏటి సెప్తారు?”

మాస్టారు బురద కాలిని చూసుకున్నారు. “ఏమీ చెప్పనులే. ఊరికే బెంగపెట్టుకుంటాది. దొరికినావు, అంతే చాలు. ఇంక మళ్లా ఎక్కడికీ పంపదేమో కూడా. నువ్వూ ఊరుకో.”

ఊరుకోవడం తేలికే. ఎవరూ అడగరు. వచ్చే ఏడు రామతీర్థం తీసుకెళ్తానని మాస్టారు పొద్దున్నే అన్నారు. ఊరుకుంటే అక్కడికీ వెళ్లవచ్చు. తవిటమ్మ దారి పొడుగునా దాని గురించే ఆలోచించింది.

ఆమదాలవలస వచ్చేసరికి సందె చీకటి పడుతోంది. చిన్నతల్లి ప్లాట్‌ఫారం చివర నిలబడి, ఒక్కో పెట్టెలోకీ తొంగి చూస్తోంది. తవిటమ్మని చూడగానే ఆమె భుజాలు కిందికి దిగాయి. పొద్దుటి నుంచి అలా బిగపట్టుకునే ఉందేమో.

“ఇదిగో చిన్నతల్లీ, నీ పిల్ల,” అన్నారు మాస్టారు.

“మీ మాట నిలబెట్టుకున్నారు మాస్టారూ,” అంది చిన్నతల్లి. మాస్టారు తల వంచుకున్నారు.

అది చూసి తవిటమ్మ ఊరుకోలేకపోయింది.

“అమ్మా, నానీయాల తప్పిపోనాను. మాస్టారి తప్పు కాదు. నానే సెయ్యి ఒదిలీసేను.”

చిన్నతల్లి గుండె మీద చెయ్యి వేసుకుంది. వంగి కూతురి ముఖం, చేతులు, జడ తడిమి చూసింది. అంతా ఉందో లేదో చూసుకున్నట్టు రెండోసారి చూసింది.

“మరి ఎలాగ దొరికినావే?” అంది, చివరికి.

“నా పేరు సెప్పేనమ్మా,” అంది తవిటమ్మ.